ఎడమ చెవిలో పియానో

ఆ ఆల్బం మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. సెలవు రోజున నాతో పాటు మెట్‌పల్లికి, మా ఇంటికి వస్తున్న నా దోస్తు, బస్సులో ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో పెట్టుకుని రెండోది నా చేతికిచ్చింది. "జర ఇను. పాట అయ్యేదాంక మాట్లాడకు" అంది. డ్రమ్ములు దబదబమన్నాయి. గిటార్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాటన్నింటి మీదుగా ఒక ఆడగొంతు పరుగెత్తుకుంటూ పోయింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. బస్సు గంగాధర ఊరు దాటకముందే దాన్ని చెవిలోంచి తీసేశాను.

"ఏందే ఇది, పాటనా పంచాయితా?"

"జపానోళ్ల బ్యాండ్. మా తమ్ముడు కార్టూన్లు జూస్తడు గద, అండ్ల వీళ్లది ఒక పాటొచ్చింది. నాకు మస్తు నచ్చింది. మొత్తం ఆల్బం దొరకవట్టిన" అంది, నేను తీసేసినదాన్ని మళ్లీ నా చెవిలో పెడుతూ.

మేమిద్దరం అప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులం. ఒకే హాస్టల్, ఒకే గది. మా ఇంట్లో పసుపు, మక్కజొన్న వేస్తారు. ఆమె పుట్టి పెరిగిందంతా మంచిర్యాల దిక్కు బొగ్గు గనుల కాలనీలో. వాళ్ల బాపు బొగ్గు బాయిల దిగే మనిషి. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి నర్సులను తీసుకుంటున్నారని ఆసుపత్రిలో ఎవరో చెబితే, ముందుగా ఆశపడింది ఆమె. ఒక్కతే పోలేక, తోడు కావాలని నన్ను కూడా లాగింది. డ్యూటీ అయ్యాక మొబైల్ షాపు పైనున్న రెండు గదుల్లో జపనీస్ క్లాసుకు పోయేవాళ్లం. ఆ సారు జపాన్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాడు. పుస్తకంతో పని కాదు, రోజూ ఏదో ఒకటి చెవిన పడుతూ ఉండాలి అనేవాడు. సారు ఆ మాట అన్నప్పటి నుంచి ఆమె ఆ ఆల్బాన్ని పాఠం చేసేసింది.

బస్సులో, హాస్టల్ డాబా మీద, క్యాంటీన్‌లో టీ తాగుతూ, అదే వినేవాళ్లం. ఒక పాట విని, ఆపి, ఆమె ఒక్కో మాటా విడదీసి చెప్పేది. ఫలానా మాటకు 'పోయి వస్త' అని అర్థం, ఫలానా దానికి 'ఫికర్ లేదు' అని అర్థం. కొన్నాళ్లకు ఆ గొడవలోంచి పాటలు బయటికి రావడం మొదలైంది. మొదటి పాట పొద్దున ఆలస్యంగా లేచి బస్సు కోసం ఉరికే పిల్లలా ఉంటుంది. మధ్యలో ఒకటి మెల్లగా సాగుతుంది, దోస్తు మీద అలిగి మళ్లీ తనే మాట్లాడినట్టు. చివరి పాటకు ముందు కాసేపు అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఫోన్‌లో కనిపించే ఆల్బం అట్ట మీద సముద్రం ఒడ్డున చిన్న రైల్వే స్టేషన్. మనుషులు లేరు. ప్లాట్‌ఫారం అంచుకు అవతల నీళ్లే.

"గిసువంటి స్టేషన్ నిజంగ ఉంటదంటవా?" అని అడిగేది.

"బొమ్మ కావచ్చు."

"ఉంటది. మనం పోయి చూద్దాం."

బస్సెక్కితే ఆమె ఎడమవైపు కిటికీ పక్కనే కూర్చోవాలి. ఆ సీటు దొరక్కపోతే తర్వాతి బస్సుకు పోదామనేది. డాబా మీదైనా, క్యాంటీన్‌లోనైనా నన్ను తన కుడి పక్కకు జరుపుకునేది. ఎప్పుడూ కుడి ఇయర్‌ఫోన్ ఆమెది, ఎడమది నాది. అలవాటు అనుకున్నాను. గాలి కోసం కిటికీ అడుగుతుంది అనుకున్నాను. ఒకే గదిలో ఉండి, ఒకే పళ్లెంలో తిని, నేను అంతకు మించి ఏమీ అనుకోలేదు.

ఒక సాయంత్రం డాబా మీద ఆ మెల్లగా సాగే పాట వింటున్నాం. బట్టలు ఆరేసిన తీగ కింద కూర్చున్నాం.

"గీ పాటల పియానో ఎంత బాగున్నదే" అన్నాను.

"పియానో యాడిది? ఇండ్ల పియానో లేదు."

"ఇగో, ఇప్పుడే వస్తున్నది. ఇను."

"లేదే. నువ్వు వేరే పాటతోటి కలుపుతున్నవ్."

"నీకు చెవులున్నయా లేవా?" అన్నాను నవ్వుతూ.

ఆమె కూడా నవ్వింది. తర్వాత నా చెవిలోది లాక్కుని, తన చెవిలోది తీసి, నాదాన్ని అదే కుడి చెవిలో పెట్టుకుంది. పాట మొదటి నుంచి పెట్టి కళ్లు మూసుకుంది. అయిపోయాక మళ్లీ పెట్టింది. నేను ఊరికే కూర్చుని ఆమె ముఖం చూస్తున్నాను.

"ఉన్నది. పాట పొడుగూత ఉన్నది. మస్తున్నది" అంది.

"నీ దిక్కు వైరు ఖరాబైనట్టున్నది."

"అయ్యుంటది" అంది.

రికార్డింగులో కొన్ని వాయిద్యాలను ఒక చెవికి, కొన్నింటిని ఇంకో చెవికి పంపిస్తారని నాకప్పుడు తెలియదు. పియానో ఎడమ చెవికే వస్తుంది. ఆమె అప్పటిదాకా కుడిదే విన్నది.

జపనీస్ పరీక్షలో ఇద్దరం పాసయ్యాం. ఆమెకు నాకంటే చాలా ఎక్కువ మార్కులు వచ్చాయి. నేను గట్టెక్కింది ఆమె చెప్పిన పాఠంతోనే. తర్వాత వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. నేను బట్టీ పట్టిన నాలుగు మాటలు ఒప్పజెప్పాను. ఆమె మాట్లాడుతుంటే అవతలి పెద్దమనుషులు నవ్వారు, మళ్లీ మళ్లీ ఏవో అడిగారు, సమయం అయిపోయినా వదల్లేదు. ఇద్దరినీ తీసుకుంటామన్నారు. ఇక మిగిలింది హైదరాబాద్‌లో ఆరోగ్య పరీక్షలే.

రక్తం, ఎక్స్‌రే, కళ్లు అన్నీ అయ్యాయి. చెవి పరీక్ష చివరిది. అద్దం ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కమంటారు. నాది అయ్యాక ఆమె లోపలికి పోయింది. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. ఆమె బొటనవేలు చకచకా కదిలింది. తర్వాత ఆగింది. పరీక్ష చేసే ఆమె మిషన్ మీద ఏదో తిప్పుతూనే ఉంది. నా దోస్తు అద్దంలోంచి ఆమె చేతినే చూస్తోంది. ఆ చెయ్యి కదిలినప్పుడు బటన్ నొక్కింది. పరీక్ష చేసే ఆమె లేచి, తన చెయ్యి కనపడకుండా పక్కకు తిరిగి, మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత బొటనవేలు కదలలేదు.

నాకు అక్కడే, ఆ అద్దం ముందు అర్థమైంది. కిటికీ సీటు, డాబా, క్యాంటీన్, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. నేను సిగ్గుతో తలదించుకున్నాను. ఆమె బయటికి వచ్చి, నన్ను చూసి, "చాయ్ తాగుదాం పా" అంది.

టీ కొట్టు దగ్గర చెప్పింది. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి తగ్గాయట. తగ్గాక ఎడమ చెవి పనిచేయలేదట. కుడిది మాత్రం బాగుంది కాబట్టి బడిలో ఎవరికీ తెలియలేదు.

"నాకన్న చెప్పవద్దానే?"

"మా అవ్వ ఎవ్వలకు చెప్పద్దన్నది. పెండ్లి సంబంధాలకు అడ్డమైతదట. చెప్పకుంట చెప్పకుంట అదే అలవాటైంది. నీకు చెప్పాల్ననే ఉండె. గా పియానో దినం నోటిదాంక వచ్చింది."

ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టేశాను. ఆమెకు గుర్తుందో లేదో అడగలేదు. అడగడానికి ధైర్యం లేకపోయింది.

కొన్ని రోజులకు మమ్మల్ని పంపించే ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. పిలుపు గంట ఏ దిక్కు నుంచి మోగినా వినపడాలి, రెండు చెవులూ బాగుండాలి అని అక్కడివాళ్లు అన్నారట. నన్ను మాత్రం వీసా పనులకు రమ్మన్నారు. గదిలో ఇద్దరమే ఉన్నాం.

"నేను గూడ పోను" అన్నాను.

"నువ్వు పోకపోతే నాకు చెవి వస్తదానే?"

"నువ్వు లేకుంట నేనక్కడ ఏం జెయ్యాలె? నాకు భాష గూడ నువ్వే నేర్పితివి."

"అందుకే పో. నేర్పింది ఖరాబ్ జెయ్యకు" అని, తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి పోయింది. కుళాయి చాలాసేపు పోస్తూనే ఉంది.

నేను పోయాను. డ్యూటీ మధ్యలో అనుమతి తీసుకుని బస్టాండుకు వచ్చి, మామిడికాయ తొక్కు డబ్బా నా చేతిలో పెట్టి, ఆమె నవ్వుతూనే పంపించింది.

జపాన్‌లో నేను పనిచేసే ముసలివాళ్ల ఆశ్రమం ఒక కొండ అంచున ఉంది. పని కష్టమే, కానీ మనుషులు మంచివాళ్లు. వసంతంలో కొండంతా గులాబీ రంగుకు తిరిగేది. చలికాలం పొద్దున కిటికీ తెరిస్తే లోకమంతా తెల్లగా ఉండేది. ఒక సెలవు రోజున దారి తప్పి ఒకే పెట్టె ఉన్న రైలు ఎక్కి దిగితే, ఎదురుగా సముద్రం. ప్లాట్‌ఫారం అంచుకు అవతల నీళ్లే. ఫోటో తీశాను. ఆమెకు పంపుదామని ఆమె పేరు తెరిచాను. పంపలేదు. ఆకలితో ఉన్న మనిషి ముందు కూర్చుని అన్నం తింటున్నట్టు అనిపించింది.

అప్పటి నుంచి నాకు అదే రోగమైంది. ఆమె ఫోన్ చేసి, "ఎట్లున్నదే అక్కడ?" అని అడిగేది. "ఏమున్నదే, చలి. కూడు సయించది. నడుములు ఇరుగుతున్నయి" అనేదాన్ని. "పూలు పూసినయా?" అంటే, "డ్యూటీల వడి చూడ తీరలే" అనేదాన్ని. "సముద్రం స్టేషన్ అసువంటిది ఏమన్న కనవడ్డదా?" అని ఒకసారి అడిగింది. "లేదు" అన్నాను. ఇక్కడ ఏమీ లేదని ఆమెకు అనిపిస్తే పోలేకపోయిన బాధ తగ్గుతుందని నా తెలివి. మెల్లగా ఫోన్లు తగ్గాయి. తగ్గించింది నేనే.

ఆ ఆల్బం వినడం కూడా మానేశాను. అది రెండు చెవులకూ నిండుగా వినిపిస్తుంటే భరించలేకపోయేదాన్ని. ఒకసారి ఆ బ్యాండే మా దగ్గరి పట్నానికి పాడడానికి వచ్చింది. నాతో పనిచేసే అమ్మాయి నా కోసం కూడా టికెట్ తెచ్చింది. తలనొప్పి అని చెప్పి గదిలో పడుకున్నాను. పోకుండా ఉండి ఏదో మంచి పని చేసినట్టు కూడా అనుకున్నాను.

మా దగ్గర ఒక పెద్దావిడ ఉండేది. ఆమెకు ఒక చెవి వినిపించదు. మనవరాలు వచ్చినప్పుడు ఆమె ఫోన్‌లో ఏదో మార్చింది. రెండు దిక్కుల సంగీతం ఒకే దిక్కుకు కలిసి వచ్చే ఏర్పాటు ప్రతి ఫోన్‌లోనూ ఉంటుందట. అది చూసి నా గుండె ఎగిరింది. ఇంటికి పోయినప్పుడు నా దోస్తుకు ఇది చూపించాలి. ఆమె తొలిసారి ఆ ఆల్బం మొత్తం వినాలి. అప్పుడు నా మీది బరువు కొంత దిగుతుంది. దిగుతుందనే నమ్మాను.

కొన్నేళ్లకు సెలవు దొరికింది. మా ఇంట్లో నాలుగు రోజులు ఉండి, ఆసిఫాబాద్ బస్సెక్కాను. ఆమెకు అక్కడి సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. దవాఖాన వెనక రెండు గదుల ఇంట్లో ఉంటోంది. కొంచెం లావైంది. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుంది. నా బ్యాగులో ఆ ఆల్బం సీడీ ఉంది. జపాన్‌లో దుకాణంలో కొన్నది. తియ్యడానికి చెయ్యి రాలేదు.

జొన్న రొట్టె, వంకాయ కూర పెట్టింది. తింటూ దవాఖాన ముచ్చట్లు చెప్పింది. గోండు పల్లెల నుంచి కాన్పులకు వచ్చేవాళ్లతో మాట్లాడడానికి వాళ్ల భాష కూడా కొంచెం నేర్చుకుందట. అన్నం అయ్యాక, "నీ ఫోన్ జర ఇటియ్యి. ఒకటి చూపిస్త" అన్నాను.

ఇచ్చింది. సెట్టింగుల్లోకి పోయి చూశాను. అది ముందే పెట్టి ఉంది.

"ఏం దేవులాడుతున్నవే?"

"రెండు దిక్కుల పాట ఒక్క దిక్కే వచ్చెటట్టు..."

"గదా? గది ఎప్పుడో పెట్టుకున్న. నువ్వు జపాన్ పోయిన నెలనే మా తమ్ముడు చూపెట్టిండు." నా ముఖం చూసి ఆగింది. "దీనికే వచ్చినవా ఏంది?"

నాకు ఏడుపొచ్చింది. "నన్ను మాఫ్ జెయ్యే" అన్నాను.

"దేనికి?"

"పోవాల్సింది నువ్వు. పోయింది నేను" అన్నాను.

ఆమె ముఖం గట్టిపడింది. అంతకుముందు ఎప్పుడూ నా మీద అలా కోపం చేయలేదు.

"ఇగో, గీ ఏడుపు నా ఇంట్ల వెట్టకు. నేను ఏడ్వలేదనుకున్నవా? మస్తు ఏడ్సిన. నీ ముంగట మాత్రం ఏడ్వలే. ఎందుకు? నువ్వు సంబురంగ పోవాల్నని. మరి నువ్వు పోయి ఏం జేసినవ్? ఫోన్ జేస్తె చలి, నడుము నొప్పి, కూడు సయించది. గా భాష నేర్సుకున్నదాన్ని నేను. గా దేశం ఎట్లుంటదో నాకు చెప్పెటోళ్లు నువ్వు తప్ప ఎవ్వలున్నరు? మంచిది ఒక్కటంటె ఒక్కటి చెప్పకపోతివి. నాకు ఓర్వలేనితనం ఉంటదనుకున్నవా?"

"అట్ల కాదే."

"మరెట్ల? గా స్టేషన్ కనవడ్డదా అని అడిగితి. నిజంగనే చూడలేదా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. "చూసిన" అన్నాను.

ఆమె లేచింది. పళ్లాలు తీసుకుని బయట కుళాయి దగ్గరికి పోయింది. గిన్నెల చప్పుడు వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను మోసింది ఆమె కోసమే అనుకున్నాను. నా మనసు నొచ్చుకోకుండా కాపాడుకోవడానికి ఆమెకు దక్కవలసిన కాస్తంత సంతోషాన్ని దాచిపెట్టానని అప్పుడు తెలిసింది. ఆమెకు జపాన్ అందకుండా చేసింది చెవి ఒక్కటే కాదు.

చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, చాప మీద నా ఎడమ పక్కన కూర్చుంది. "చెప్పు" అంది.

చెప్పాను. ఒకే పెట్టె రైలు, దిగేటప్పుడు డ్రైవరు టోపీ తీసి వంగడం, బెంచీ మీద ఎవరో మర్చిపోయిన గొడుగు, నీళ్ల మీద ఎండ. మొదట్లో రెండు ముక్కల్లో ముగించబోయాను. ఆమె వదల్లేదు. "నీళ్లు ఏ రంగున్నయి? గాలి ఎటు నుంచి వస్తుండె? ఒక్కదానివే ఉన్నవా?" అని అడుగుతూనే ఉంది. ఫోటో చూపించాను. వేళ్లతో పెద్దది చేసి, స్టేషన్ బోర్డు మీది పేరు చదివింది. నేను ఇన్నాళ్లూ తప్పు చదువుతున్నానట.

టికెట్ వదులుకున్న సంగతి కూడా చెప్పాను. దానికి ఆమె కళ్లలో నిజంగా నీళ్లు తిరిగాయి.

"పిచ్చిదానా. పోయి, ఫోన్ పైకి లేపి పట్టుకుంటె నేను ఇక్కడి నుంచి ఇంటుంటి గద."

అది నాకు తట్టనే లేదు. ఒక్కసారి కూడా తట్టలేదు.

బ్యాగులోంచి సీడీ తీసి ఇచ్చాను. ఆమె ఇంట్లో దాన్ని పెట్టి వినే మిషన్ లేదు. అయినా కవరు విప్పి, లోపలి చిన్న పుస్తకం తీసి, పాటల మాటలు పైకి చదువుతూ కూర్చుంది. కొన్నిచోట్ల ఆగి, మేము డాబా మీద తప్పుగా అర్థం చేసుకున్న మాటలకు నవ్వింది. ఇంతలో దవాఖాన నుంచి కాన్పు కేసు వచ్చిందని ఫోన్. పుస్తకాన్ని దిండు కింద పెట్టి, చున్నీ సర్దుకుని లేచింది. నన్ను బస్సు ఎక్కించడానికి రాలేకపోయింది.

నేను మళ్లీ జపాన్ వచ్చి పనిలో చేరాను. ఆమెకు ఇప్పుడు అన్నీ పంపిస్తున్నాను. చెట్లకు పండిన పళ్లు, బడి పిల్లల పరుగు పందెం, మా పెద్దావిడ పుట్టినరోజు పాట. అందమైనది ఏదైనా కనబడితే ఇప్పటికీ ముందు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. చెయ్యి ఒక నిమిషం ఆగుతుంది. ఇది ఆమె చూడవలసింది కదా అనిపిస్తుంది. ఆ అనిపించడం పోతుందని నేను అనుకోవడం లేదు. అయినా పంపిస్తాను. మొన్న కొండ కింద ఊరేగింపు పోతుంటే మేడ మీది నుంచి వీడియో తీసి పంపాను. కాసేపటికి ఆమె గొంతుతో మెసేజ్ వచ్చింది, వెనక వార్డులో ఎవరో పసిబిడ్డ ఏడుస్తుండగా.

"గంత దూరం నుంచి తీస్తె ఏం కనవడ్తది? కిందికి దిగి దగ్గరికి పో."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.